మూడో గది

జూన్ 4, బుధవారం

దేవిశ్రీ మా చిన్నాయన తాళాల షాపుకు వచ్చింది. డిగ్రీలో మూడేళ్ళు ఒకే బెంచీ మీద కూర్చున్నవాళ్ళం. ఈరోజు కౌంటరుకు అటు ఆమె, ఇటు నేను.

ఏ.ఎస్. రావు నగర్‌లో ఫ్లాటు తీసుకుందట. ఎప్పుడైనా రమ్మని ఫ్లాటు నంబరు కూడా చెప్పింది. ఒక్కతే ఉంటుందట. ఒక్క మనిషికి రెండు పడక గదులు, హాలు, బాల్కనీ. వంటకు అనసూయమ్మ అనే ఆవిడను పెట్టుకుంది. దేవి ఆఫీసుకు వెళ్ళాక ఆవిడ వచ్చి వండి, సర్ది వెళ్తుంది కాబట్టి ఆవిడకొక తాళంచెవి కావాలి.

"ఏంటే యోగితా, ఎమ్మెస్సీ చేసి ఇక్కడ కూర్చున్నావు?" అంది. ఆ గొంతులో ఎత్తిపొడుపు లేదు. ఉంటే బాగుండేది, తిరిగి ఒకటి అనేదాన్ని.

"చిన్నాయనకు మోకాళ్ళ నొప్పులు. కొన్నాళ్ళు షాపు చూసుకోమన్నాడు," అన్నాను. నేను పాఠాలు చెప్పే కోచింగ్ సెంటరు మూతపడిందని చెప్పలేదు.

ఆమె ముందు కాస్త గొప్పగా కనబడాలనిపించింది. తాళంచెవిని మెషీన్‌కు బిగించకుండా, వెలుగుకు ఎత్తి పట్టుకుని, "నాలుగు, రెండు, ఐదు, మూడు, ఒకటి" అన్నాను.

"ఏంటది, లాటరీ నంబరా?"

"నీ ఇల్లు."

చెప్పాను. తాళం లోపల వరసగా ఐదు చిన్న గదులుంటాయి. ఒక్కో గదిలో ఒక ఇత్తడి పిన్ను, దాని నెత్తిన ఇంకో పిన్ను, ఆ పైన స్ప్రింగు. చెవి మీద గాటు ఎంత లోతుంటే కింది పిన్ను అంత పొడుగుండాలి. ఒకటంటే గీరినట్టుంటుంది, ఐదంటే బాగా లోతు. సరైన చెవి పెడితే కింది పిన్నుల తలలన్నీ ఒకే గీత మీదికి వస్తాయి, అప్పుడే తిరుగుతుంది. ఒక్క గదిలో వెంట్రుకవాసి తేడా వచ్చినా తిరగదు. అంకెలు పిడి వైపు నుంచి చదవాలి.

"అంటే అంకెలు తెలిస్తే చాలా? చెవి అక్కర్లేదా?"

"చాలు."

"వామ్మో, నీతో జాగ్రత్తగా ఉండాలే," అని నవ్వింది. నేనూ నవ్వాను.

ఆమె వెళ్ళాక చిన్నాయన లోపలినుంచి అన్నాడు. "బిడ్డా, చావి చేతుల ఉన్నంతసేపే సూడాలె. గిరాకీ గడప దిగినంక యాది ఉండొద్దు. మా లక్ష్మణ్ దుకాణంల అంకెలు నోటితోని చదవరు."

దేవి ఉండగా మొదట కోసిన చెవి సరిగ్గా రాలేదు. రెండోది కోసి ఇచ్చాను. మొదటిది తుక్కు డబ్బాలో వేశాను.

జూన్ 7, శనివారం

తుక్కు ఇత్తడి కొనేవాడు వచ్చాడు. డబ్బా అతనికి ఇచ్చే ముందు అందులోంచి ఒకటి తీసి పర్సులో వేసుకున్నాను. ప్రాక్టీసుకు పనికొస్తుంది.

జూన్ 10, మంగళవారం

మా ఇంట్లో రెండు గదులు. ఒకదాంట్లో అన్నా వదినా పసివాడూ. ఇంకోదాంట్లో అమ్మ, టీవీ, బియ్యం డ్రమ్ము, కుట్టుమిషను, నేను. నేను చదువుకుంటే అమ్మ టీవీ సౌండు తగ్గిస్తుంది. అలా తగ్గించినప్పుడు ఆమె మొహం చూడలేక నేనే పెంచుతాను.

ఈ డైరీ రాసేది మెట్ల మీద కూర్చుని.

జూన్ 14, శనివారం

పొద్దుటినుంచి వాన. దేవి కాకినాడలో బంధువుల నిశ్చితార్థానికి వెళ్ళింది. బాల్కనీలో బట్టలు మరిచిపోయానని, పట్టుచీర కూడా ఉందని వాట్సాప్‌లో ఏడుపు బొమ్మలు పెట్టింది. అనసూయమ్మకు ఆ రెండు రోజులూ సెలవట.

పట్టుచీర తడిస్తే రంగు దిగుతుంది. బస్సెక్కాను. కోచింగ్ సెంటరు ఐడీ ట్యాగు ఎందుకో మెడలో వేసుకున్నాను. అపార్ట్‌మెంట్ గేటు దగ్గర వాచ్‌మన్ పర్వతాలు ఫోన్ చూసుకుంటున్నాడు. ట్యాగు వేసుకున్న ఆడపిల్లను ఎవరూ ఏమీ అడగరు.

చెవి తిరిగింది. సరిగ్గా రాలేదనుకున్నాను గానీ తిరిగింది.

బట్టలు తీసి సోఫా మీద ఆరేసి వచ్చేశాను. అంతే. కొంచెం సేపు కూర్చున్నాను. ఆ ఇంట్లో వాన చప్పుడు తప్ప ఏదీ వినపడదు.

జూన్ 16, సోమవారం

దేవి ఫోన్ చేసింది. "మా అనసూయమ్మ బంగారమే. సెలవైనా వచ్చి బట్టలు తీసింది. అడిగితే నేను తీయలేదంటుంది. మొహమాటం!"

ఆ క్షణం చెప్పేస్తే అది ఒక జోకు అయ్యేది. 'నేనే తీశానే, తుక్కు డబ్బాలో చెవి ఉంటే.' ఇద్దరం నవ్వుకునేవాళ్ళం.

"మంచి మనిషి దొరికింది నీకు," అన్నాను.

జూన్ 19, గురువారం

వెళ్ళాను.

జూన్ 23, సోమవారం

మధ్యాహ్నం చిన్నాయన కునుకు తీసే వేళకు షాపు సగం షట్టరు దించుతాం. లైబ్రరీకి వెళ్తున్నానని చెబుతున్నాను. గ్రూప్స్‌కు చదువుతున్నానని ఆయన సంతోషం. మొన్న కౌంటరు వెనక నాకొక టేబుల్ ఫ్యాను పెట్టించాడు, "మా పిల్ల ఆఫీసరైతది" అని ఛాయ్ బండి యేసురాజుకు చెబుతూ.

చదువుతున్నాను కూడా. అబద్ధం కాదు. దేవి ఇంట్లో, దేవి టేబుల్ దగ్గర, ఏసీ వేసుకుని చదువుతున్నాను. అనసూయమ్మ పని ముగించుకుని వెళ్ళాకే వెళ్తాను. ఏదీ ముట్టుకోను. గ్లాసు కడిగి బోర్లిస్తాను.

పెరుగు కొంచెం తిన్నాను. గిన్నె అంచు దాకా మళ్ళీ స్పూనుతో సరిచేశాను, తిన్నట్టు తెలియకుండా.

జూన్ 24, మంగళవారం

షాపులో ఒక గిరాకీ. రైల్వే క్వార్టర్స్ నుంచి ఒకాయన ఇంటి తాళం ఊడదీసుకుని తెచ్చాడు. అద్దెకున్నవాళ్ళు ఖాళీ చేశారు, చెవి ఒకటి తిరిగి ఇవ్వలేదు. చిన్నాయన పిన్నులు మార్చాడు. మార్చాక ఎప్పటిలాగే పాత చావి ఆయన చేతికే ఇచ్చి, "తిప్పుండ్రి సార్" అన్నాడు. తిరగలేదు. "ఇంకోసారి, గట్టిగ తిప్పుండ్రి." తిరగలేదు. అప్పుడే కొత్త చావి చేతిలో పెట్టాడు.

కొత్తది తిరుగుతుందని చూపించే షాపులు చాలా ఉన్నాయి. పాతది తిరగదని చూపించేది మాదొక్కటే అంటాడు చిన్నాయన. తాత నాటి పద్ధతి.

జూన్ 27, శుక్రవారం

ఈరోజు పడుకున్నాను. దేవి మంచం మీద, దుప్పటి మీదే, దుప్పటి కింద కాదు. నిద్ర పట్టేసింది. ఇంత గాఢంగా ఎప్పుడు నిద్రపోయానో గుర్తులేదు. లేచేసరికి ఎండ గోడ మీదికి జరిగిపోయింది. ఎవరి ఇల్లో తెలియడానికి ఒక్క క్షణం పట్టింది. ఆ ఒక్క క్షణం బాగుంది.

దుప్పటి ముడతలు చేత్తో సవరించి వచ్చాను.

జూలై 1, మంగళవారం

దేవి ఫోన్. గొంతులో వణుకు. "యోగీ, మా ఇంట్లో ఎవరో పడుకుంటున్నారే. దిండు మీద పొడుగాటి నల్ల వెంట్రుక. ఏసీ రిమోట్ నేను పెట్టిన చోట లేదు. అనసూయమ్మే. నేను అటు వెళ్ళగానే నా మంచం మీద పడుకుంటోంది."

"ఆమె జుట్టు తెల్లదేమో కదా?" అన్నాను. నేను ఆమెను ఎప్పుడూ చూడలేదు. నోట్లోంచి వచ్చేసింది.

"రంగేస్తుందిలే," అంది దేవి.

జూలై 3, గురువారం

అనసూయమ్మను మానిపించింది. దేవి అంతటితో ఆగలేదు. అపార్ట్‌మెంట్ గ్రూపులో పెట్టింది. ఆ బిల్డింగులోనే ఇంకో మూడిళ్ళలో చేస్తుందట ఆవిడ. ముగ్గురూ రావద్దన్నారు. ఆవిడ గొడవ పెట్టుకోలేదట. "నేను పండుకోలేదమ్మా. నా దేవుని మీద ఒట్టు" అని మాత్రం అందట.

"ఆ నటన చూడాలి నువ్వు," అంది దేవి.

జూలై 4, శుక్రవారం

అన్నం సయించలేదు. జ్వరం కూడా లేదు.

జూలై 5, శనివారం

దేవి తాళం మార్చమని పిలిచింది. అనసూయమ్మ దగ్గరున్న చావిని తిరిగి అడగలేదట. "తాళం మార్పిస్తున్నాను, నీ దగ్గరున్న ముక్క ఏం చేసుకుంటావో చేసుకో అన్నాను" అంది.

మొత్తం తాళం అక్కర్లేదు, పిన్నులు మారిస్తే చాలని నేనే చెప్పాను. పెట్టె తీసుకుని వెళ్ళాను. ఈసారి కాలింగ్ బెల్ కొట్టి వెళ్ళాను. తలుపు తీస్తూ, "చెప్పులు లోపలే విప్పేయ్, నీ ఇల్లే అనుకో," అంది దేవి.

ఆమె లోపల ఆఫీసు కాల్‌లో ఉంది. నేను హాల్లో న్యూస్‌పేపర్ పరుచుకుని కూర్చుని తాళం విప్పాను. కొత్త చెవి నాలుగు, రెండు, మూడు, మూడు, ఒకటి. ఐదింట్లో ఒక్క మూడో గదే మార్చాను. ఒక్కటి మారితే తాళం మారినట్టే. పాత చెవికి అక్కడ ఐదు, కొత్తదానికి మూడు.

మూడో గదిలో మూడో నంబరు పిన్ను వేశాను. దాని మీద పలచటి బిళ్ళ ఒకటి వేశాను.

ఆఫీసులకు అన్ని గదులూ తెరిచే మాస్టర్ చావి చేసేటప్పుడు వేసే బిళ్ళ అది. రెండో నంబరు మందం. మూడు దగ్గరా గీత కుదురుతుంది, మూడూ రెండూ కలిసి ఐదు దగ్గరా కుదురుతుంది. అంటే కొత్త చెవీ తిరుగుతుంది, పాత చెవీ తిరుగుతుంది.

పిన్నులు పట్టుకునే చిమటాకు ఆ బిళ్ళ వచ్చింది, వేశాను.

పాత చావి తిప్పి చూపించలేదు. దేవి కాల్‌లో ఉంది. తర్వాత ఆమె అడగలేదు. అడగడానికి ఆమెకు ఆ పద్ధతి తెలియదు కదా.

షాపుకు రాగానే చిన్నాయన అడిగాడు. "పాత చావి తిప్పి సూపిచ్చినవా?"

"చూపించా."

జూలై 6, ఆదివారం

బిళ్ళ చేతికి రాలేదు. వెతికి తీశాను. అది పెట్టె అడుగున వేరే డబ్బాలో ఉంటుంది.

ఇంకొకటి. జూన్ నాలుగున కోసిన మొదటి చెవి బాగానే వచ్చింది.

జూలై 8, మంగళవారం

కొత్త తాళం పట్టేస్తోందో లేదో ఒకసారి చూసిరావడం పని చేసినవాళ్ళ బాధ్యత. వెళ్ళాను. బాగానే తిరిగింది. బాల్కనీ తలుపు తీసి కాసేపు కూర్చున్నాను.

జూలై 9, బుధవారం

నిన్న రాసింది చదివాను. బాధ్యతట.

జూలై 10, గురువారం

బాల్కనీ తలుపు వేయడం మరిచిపోయి వచ్చాను. మంగళవారం సాయంత్రం వాన కొట్టి హాలంతా నీళ్ళట. దేవి ఇప్పుడు భయపడుతోంది, నిజంగా. తాళం మార్చినా ఎవరో వస్తున్నారు. అసోసియేషన్ సెక్రటరీ విష్ణువర్ధన్ గారు అనసూయమ్మనే అనుమానిస్తున్నాడు. ఆవిడ మరిది వెల్డరట, తాళాలు తెలిసినవాడట.

"అనసూయమ్మ అయ్యుండదులే," అన్నాను.

"ఆవిడ మీద నీకంత జాలేంటే? నువ్వసలు చూసైనా ఉండవు."

జూలై 13, ఆదివారం

లష్కర్ బోనాలు. షాపు మూసేశాం. ఇంటినిండా చుట్టాలు, నిల్చోడానికి చోటు లేదు. ఎక్కడికీ వెళ్ళలేదు. అదొక ఘనకార్యమన్నట్టు ఇక్కడ రాసుకుంటున్నాను చూడు.

జూలై 16, బుధవారం

అనసూయమ్మ షాపుకు వచ్చింది.

చూడగానే ఆమే అని తెలియలేదు. పొట్టి మనిషి, తలంతా తెలుపు. రంగు ఎప్పుడూ వేసినట్టు లేదు. కౌంటరు మీద కొంగుముడి విప్పి చెవి ఒకటి పెట్టింది. నేను కోసిన చెవి.

"లక్ష్మణ్ సేటు దుకాణం ఇదే గద? ఏ.ఎస్. రావు నగర్‌ల దేవిశ్రీ మేడమ్‌ది తాళం మార్చింది నువ్వేనా బిడ్డా?"

"అవును."

"ఏం లేదు, ఒక్క మాట అడిగి పోదామని వచ్చిన. తాళం మారినంక పాత చావి తోని తెరుచుకుంటదా?"

ఆ చెవి కౌంటరు మీద ఉంది. నాలుగు, రెండు, ఐదు, మూడు, ఒకటి.

"తెరుచుకోదు," అన్నాను.

"గట్టిగ చెప్తున్నవా?"

"తెరుచుకోదమ్మా."

ఆమె మొహం తేలికపడింది. "అయితే మంచిది. ఐతారం నాడు అందరిని పిలిచిన్రు, సెక్రటరీ సారు పంచాయితీ పెడ్తడట. నా మీదనే ఉన్నది వాళ్ళ కన్ను. అందరి ముందల ఈ చావి పెట్టి తిప్పి సూపిస్త. తెరుచుకోకపోతే నేనెట్ల పోయిన లోపటికి? గాలిలెక్క పోయిన్నా? నాలుగిండ్లు పోయినయి బిడ్డా. పోతే పోయినయి, ఇంకో కాడ చేసుకుంట. కని పరాయోళ్ళ మంచం మీద పండుకున్నదన్న పేరు తీస్కొని ఏ గడప తొక్కాలె?"

చిన్నాయన లోపలినుంచి, "నువ్వు ఫికర్ చెయ్యకమ్మా. మా పిల్ల మార్చింది. పాత చావి తిప్పి సూపిచ్చే వచ్చింది," అన్నాడు.

"అంతే సాలు సేటూ." నా వైపు తిరిగి, "ఐతారం నువ్వు సుత రా బిడ్డా. చదువుకున్నదానివి, నువ్వు చెప్తే అందరు ఇంటరు," అంది.

వస్తానన్నాను.

జూలై 17, గురువారం

నేను తెరుచుకోదని చెప్పకపోతే ఆమె ఆ చెవిని అందరి ముందూ తిప్పడానికి సిద్ధపడేది కాదు.

జూలై 19, శనివారం

ఉపాయం ఒకటే. ఆ బిళ్ళ తీసేస్తే పాత చెవి తిరగదు. అనసూయమ్మ నెగ్గుతుంది. నా చెవి ఎక్కడైనా పారేస్తాను. ఎవరికీ ఏమీ తెలియదు. చిన్న పని, టీ చల్లారేలోపు అయిపోతుంది.

పెట్టె పట్టుకుని వెళ్ళాను. తాళానికి గ్రాఫైట్ పొడి వేయాలని చెప్పాను. "నువ్వు మరీ ఫీలవుతున్నావే, నీ పనితనం మీద ఎవరికీ డౌటు లేదు," అంది దేవి. టీ పెట్టింది. ఆమె పక్కనే కూర్చోవడంతో తీయలేకపోయాను.

కాదు. ఆమె స్నానానికి వెళ్ళింది. వీలు దొరికింది. స్క్రూడ్రైవర్ చేతిలోనే ఉంది.

బిళ్ళ తీస్తే రేపు చెవి తిరగదు. అనసూయమ్మ అందరి ముందు నా తల నిమిరి, చల్లగా ఉండు బిడ్డా అంటుంది. ఆ చెయ్యి నా నెత్తి మీద పడ్డట్టే అనిపించింది. ఆ తర్వాత ఆమె మరిది మీదికి పోతుంది అనుమానం, లేదా పర్వతాలు మీదికి. నేను మాత్రం పని తెలిసిన పిల్లగా మిగులుతాను. దీవెన తీసుకుని.

తీయలేదు. ఇది మంచితనమని రాయబోయాను. కాదు. ఏం చేయాలో తెలియక స్క్రూడ్రైవర్ పెట్టెలో పెట్టేశాను. టీ తాగి వచ్చేశాను.

జూలై 20, ఆదివారం

మూడో అంతస్తు వరండాలో కుర్చీలు వేశారు. విష్ణువర్ధన్ గారు, ముందు అనసూయమ్మ పనిచేసిన మూడిళ్ళ ఆడవాళ్ళు, దేవి, వాచ్‌మన్ పర్వతాలు. అనసూయమ్మ కుర్చీలో కూర్చోలేదు, కూర్చోమని ఎవరూ అనలేదు. ఉతికిన చీర కట్టుకుని వచ్చింది. నన్ను చూసి తల ఊపింది, మనిద్దరం ఒక పక్షం అన్నట్టు.

"చూడమ్మా, నీ మీద మాకేమీ కక్ష లేదు," అని మొదలుపెట్టాడు విష్ణువర్ధన్ గారు. "ఒంటరి ఆడపిల్ల ఉంటున్న ఇల్లు. అదీ బాధ."

"నేను సుత మొగడు పోయిన ఒంటరి ఆడిదాన్నే సార్," అంది అనసూయమ్మ. "ఎక్కువ మాటలెందుకు. మేడమ్ తాళం మార్పిచ్చింది. నా తాన ఉన్నది పాత చావి. ఇగో, అందరు సూడుండ్రి."

దేవి తలుపు దగ్గరికి లాగి తాళం వేసింది. అనసూయమ్మ కొంగుముడి విప్పింది. నేను గోడకు ఆనుకుని ఉన్నాను. చెప్పాలంటే అదే సమయం. పర్సు జిప్పు మీద చెయ్యి వేశాను. తీయకుండానే చెయ్యి దించేశాను.

ఆమె చెవి పెట్టింది. తిరగదని అంత నమ్మకంగా తిప్పిందంటే, చెయ్యి జారినట్టు గిర్రున తిరిగిపోయింది. తలుపు దానంతటదే లోపలికి జరిగింది.

లోపల ఫ్రిజ్ చప్పుడు వినపడింది.

"అయిపోయింది కదా," అన్నాడు విష్ణువర్ధన్ గారు.

ఒకావిడ, "ఎంత ధైర్యం, మన ముందే," అంది.

అనసూయమ్మ తలుపు వైపు చూడలేదు. వాళ్ళ వైపూ చూడలేదు. నా వైపు తిరిగింది. కోపం లేదు. లెక్క తప్పినవాళ్ళు మళ్ళీ కూడుకున్నట్టుంది ఆ చూపు.

"బిడ్డా, తెరుచుకోదన్నవు గద."

పర్సు తీశాను. వెళ్ళి తలుపు దగ్గరికి లాగి, నా చెవి పెట్టి, అందరూ చూసేలా తిప్పాను. తెరుచుకుంది. మళ్ళీ వేసి మళ్ళీ తెరిచాను.

"దేవీ," అన్నాను, "వానలో నీ బట్టలు తీసింది నేను. దిండు మీద వెంట్రుక నాది. తాళం మారలేదు. మార్చినట్టు చేశాను."

దేవి తిడుతుందనుకున్నాను. ఒక్కటే అడిగింది.

"ఎందుకే? అడిగితే ఇచ్చేదాన్ని కదా చెవి."

నిజమే. ఇచ్చేది. కానీ అడగాల్సి వచ్చేది, అదొక్కటే నేను చేయలేనిది.

అనసూయమ్మ తన చెవిని దేవి చేతిలో పెట్టింది. మెట్లు దిగబోతూ నా పక్కన ఆగింది. దీవించలేదు. తిట్టలేదు.

"మంచం మెత్తగుంటదా?" అంది. వెళ్ళిపోయింది.

జూలై 21, సోమవారం

చిన్నాయనకు నేనే చెప్పాను. ఆయన దేవి గురించి అడగలేదు, నేను ఎన్నిసార్లు వెళ్ళానో అడగలేదు. టేబుల్ ఫ్యాను స్విచ్చి ఆపి అన్నాడు.

"పాత చావి తిప్పి సూపియ్యలే నువ్వు."

జూలై 22, మంగళవారం

దేవి ఇంకో షాపువాణ్ణి పిలిచి తాళం మొత్తం మార్పించింది. ఏదో పనిమీద ఇటు వచ్చిన పర్వతాలు యేసురాజుకు చెప్పాడట, యేసురాజు ఛాయ్ పోస్తూ నాకు చెప్పాడు. నేను తెలిసిన మొహమే పెట్టాను.

అమ్మకు తెలిసింది. టీవీ ఆపేసి కూర్చుంది. ఇంట్లో ఎప్పుడూ కోరుకున్న నిశ్శబ్దం.

జూలై 26, శనివారం

ఏ.ఎస్. రావు నగర్ వెళ్ళాను. గేటు బయటే నిలబడి, అనసూయమ్మ చేసిన మూడిళ్ళవాళ్ళకూ ఆవిడను మళ్ళీ పనిలో పెట్టుకోమని ఒక్కొక్కరికీ ఇంటర్‌కమ్‌లో చెప్పమని పర్వతాలును బతిమాలాను. ఒకావిడ దిగి వచ్చి, "ఆవిడ తప్పు లేదని తెలుసమ్మా, కానీ ఈలోగా వేరే మనిషిని పెట్టేసుకున్నాం" అంది. ఒకావిడ అనసూయమ్మను రమ్మని కబురు పంపిందట. ఇంకొకావిడ కిందికి రాలేదు.

దేవి మళ్ళీ రమ్మని అడిగితే అనసూయమ్మ వెళ్ళలేదట. "తాళాలు లేని ఇల్లు చూసుకుంట" అందట.

కోచింగ్ సెంటరు ట్యాగు డ్రాయరులో పెట్టేశాను.

ఆగస్టు 2, శనివారం

చిన్నాయన నన్ను షాపు మానమనలేదు. పిన్నుల పెట్టె మాత్రం తన స్టూలు కింద పెట్టుకుంటున్నాడు. నేను గొళ్ళేలు, బోల్టులు అమ్ముతున్నాను. ఎవరైనా చెవి కౌంటరు మీద పెడితే గాట్లు పైకి లేకుండా తిప్పి ఆయన వైపు జరుపుతున్నాను. కానీ తిప్పేలోపే కన్ను చదివేస్తోంది. ఈరోజు వచ్చినవాళ్ళందరి ఇళ్ళూ నా తలలో ఉన్నాయి. వద్దన్నా ఉన్నాయి.

ఆగస్టు 6, బుధవారం

మధ్యాహ్నం కరెంటు లేదు. అనసూయమ్మ వచ్చింది. నన్ను చూసి గుమ్మంలోనే ఆగింది. తర్వాత నన్ను దాటి చిన్నాయన ముందుకెళ్ళింది.

"సేటూ, మా కోడలుకు ఇంటి చావి ఒకటి కావాలె."

"ఇయ్యమ్మా. కరెంటు లేదు, ఆకురాయితోని కోస్త."

ఆమె పిడికిలి విప్పలేదు. నా వైపు గడ్డంతో చూపించింది. "జెర ఆ పిల్లను అటు మొకం పెట్టమను. మా ఇంట్ల ఏసీ లేదు, పరుపు లేదు. అయినా సరే."

చిన్నాయన చెప్పే అవసరం లేకుండా నేనే గోడ వైపు తిరిగాను. గోడ మీద తాత ఫోటో, దాని కింద వేలాడే కోయని చెవులు, ఒక్క గాటు లేకుండా, వరసగా.

వెనక ఆకురాయి మొదలైంది. మొదటి గాటుకు పైపైన రెండు రాపిళ్ళు, ఆగాడు. తర్వాత గాటు లోతుగా, చాలాసేపు. రాపిడి వింటుంటే లోతు తెలిసిపోతోంది. కళ్ళు తిప్పినా అంకె వచ్చి కూర్చుంటోంది. ఒకటి, నాలుగు...

రెండు చేతులతో చెవులు మూసుకున్నాను. ఆమె వెళ్ళాక చిన్నాయన వచ్చి భుజం మీద తట్టేదాకా తీయలేదు.